పూజలో పెట్టని హేండిలు

మొన్న పక్క ఫ్లాటువాళ్ళు తమ పాప పుట్టినరోజని విశాఖపట్నంలో కొత్తగా తెరిచిన హోటలుకి నన్ను కూడా తీసుకెళ్ళారు. ఒంటరిగా ఉండే ముసలావిడని ఇలాంటివాటికి పిలవడం వాళ్ళకి అలవాటు, కాదనకుండా వెళ్ళడం నాకు అలవాటు. ఆ హోటలు గోడలనిండా పాత సామాన్లు బిగించి పెట్టారు. గ్రామఫోను బూర, లాంతర్లు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, పాత రేడియో. మేం వాడి పారేసినవన్నీ ఏరుకొచ్చి, ఒక్కోదానికీ ఒక దీపం పెట్టి చూపిస్తున్నారు. సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా, బంగారు రంగు పూసిన ఇనప కడ్డీ ఒకటి కనబడింది. రెండుచోట్ల వంగి ఉంది. ఒక కొసన చెక్క పిడి.

"అది బావిలో నీళ్ళు తోడేదా పిన్నిగారూ?" అని పాప తండ్రి అడిగాడు.

"కారు హేండిలు బాబూ. ముందర పెట్టి తిప్పితే గానీ ఇంజను లేచేది కాదు," అన్నాను.

అతను మర్యాదగా తలూపి ఫోను చూసుకున్నాడు. నేను లేచి దాని దగ్గరికి వెళ్ళాను. హేండిల్లో చూడవలసింది పిడి కాదు, ఇంజనులోకి దూరే రెండో కొస. అది ఏ రకం కారుదో, ఇంజనుని ఎలా పట్టుకుంటుందో, ఎలా వదిలేస్తుందో అంతా ఆ కొసలోనే ఉంటుంది. తీరా చూస్తే ఆ కొసని గోడలో సిమెంటు పెట్టి పాతేశారు. తిరిగి వచ్చి కూర్చున్నాక నాకేమీ తినబుద్ధి కాలేదు. పెద్దవయసు కదా, అరగదేమో అని వాళ్ళే సర్దిచెప్పుకున్నారు.

చోడవరంలో నా చిన్నతనం గడిచింది ఇంట్లో కాదు, కారు షెడ్డులో. నాన్న ఒక బెల్లం షావుకారు గారి దగ్గర డ్రైవరు. వాళ్ళ డాబా వెనకాల పెంకుల షెడ్డు. ముందు సగం కారుది, వెనక సగం మాది, మధ్యలో ఒక తడిక. నాకు ఊహ తెలిసేసరికే అమ్మ లేదు. పొద్దున్న కళ్ళు తెరిస్తే మొదట ముక్కుకి తగిలేది పెట్రోలూ, గ్రీజూ, పక్క గోదాములోని బెల్లం మడ్డీ కలిసిన వాసన. ఇప్పటికీ పెట్రోలు బంకులో ఆటో ఆగితే నాకు ఆకలేస్తుంది. ఎవరితోనైనా అంటే నవ్వుతారని అనను.

నాన్న రాగిపిండితో చోడి అంబలి కాచి, నాలుగు ఎండు నెత్తళ్ళ చేపలు కాల్చి, ఉల్లిపాయ పక్కన పెట్టి, షావుకారు గారిని తీసుకుని అనకాపల్లి బెల్లం బజారుకి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ దీపాలవేళకి గానీ వచ్చేవాడు కాదు. మధ్యలో బడి అయ్యాక ఉన్న సాయంత్రమంతా నాది. ఎంత నాదంటే, అందులోకి ఎవరూ వచ్చేవారు కారు. వీధిలో పిల్లలు నాతో ఆడేవారు కారు. నా గౌనుకి ఎప్పుడూ గ్రీజు మరకలుండేవి. "ఆ గుంటతో ఆడితే మన బట్టలికి మరకలు పోవే," అని వాళ్ళమ్మలు చెప్పేవారట, మావైపు గుంట అంటే ఆడపిల్ల. అబద్ధం చెప్పారని అనలేను, నిజంగానే పోయేవి కావు.

ఆ సాయంత్రాల్లో నాకు దొరికిన స్నేహితులు హేండిళ్ళు. షెడ్డు గోడకి వరసగా మేకులు, మేకులకి పాత హేండిళ్ళు. ఆ రోజుల్లో కారు ముక్కలై పాత ఇనుముకి పోయినా హేండిలు మాత్రం దాన్ని నడిపినవాడి ఇంటికి వచ్చేది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు, అలా వచ్చేది అంతే. మా వీధిలోనే ఒకరింట్లో తలుపుకి అడ్డుగడియగా ఉండేది. ఇంకొకరింట్లో బావిలో పడిన చేద తీసే కొక్కెంగా ఉండేది. మా గోడకి ఉన్నవి ఏ పనికీ రాక నా పాలిట పడ్డాయి.

ఒక్కటీ ఇంకోదానిలా ఉండేది కాదు. ఒకటి నా అంత పొడవు. ఒకటి పొట్టిది, పిడికి ఇత్తడి గొట్టం, పట్టుకుని తిప్పితే గొట్టం చేతిలోనే తిరిగేది. ఇంకోదానికి పిడీ గిడీ లేదు, వట్టి ఇనుము, చలికాలం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది. కొసలు మరీ వేరు. కొన్నిటి కొసన రెండు పళ్ళు, ఏటవాలుగా కోసినవి. కొన్నిటికి పళ్ళు లేవు, కడ్డీకి అడ్డంగా ఒక లావుపాటి మేకు దూర్చి ఉండేది. పళ్ళున్నవి అత్తలు, మేకువి కోడళ్ళు. పాత గుడ్డలు చుట్టి చీరలు కట్టేదాన్ని. అత్తాకోడళ్ళకి పోట్లాట పెట్టి రెండు వైపులా నేనే అరిచేదాన్ని. అన్నం వండలేదని ఒకర్తి, కందిపప్పు ఎక్కడ దాచావని ఇంకొకర్తి. వాళ్ళు నాకంటే బాగా బతికేవారు, ఎందుకంటే వాళ్ళకి పోట్లాడుకోవడానికి మనుషులున్నారు.

ఒకనాడు నాన్న తొందరగా వచ్చి తడిక అవతలే నిలబడి అంతా విన్నాడు.

"ఏటే, ఎవులితో ఆ గొడవ?"

"అత్త కోడల్ని తిడతంది నాన్నా."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వచ్చి నా పక్కన నేలమీద కూర్చుని, అత్త చీర విప్పి, కోడలు చీర విప్పి, రెండు కొసలూ నా కళ్ళముందు పెట్టాడు. ఆడపిల్లకి బొమ్మలు లేవని బాధపడి, దానికి బదులు తనకి తెలిసిన ఒక్క సంగతీ నాకు ఇచ్చాడని ఇప్పుడు అనుకుంటాను.

"సూడు. మన బండికి పళ్ళదే ఎయ్యాల. ఈ పళ్ళకి వాలుంది సూసేవా? ఇంజను అందుకోగానే ఈ వాలుమీద జారి హేండిలు దానంతటదే బయిటికొచ్చెస్తాది. మేకుదానికి వాలు ఉండదు."

"మరి అదెలా బయిటికొస్తాది?"

"మేకు హేండిలు కార్లికి ఆ వాలు ఇంజను కాడే ఉంతాది. ఏదో ఒకేపు ఉండాల."

"మన బండికి మేకుది పెడితేనో?"

"పెట్టకూడదు. అటూ వాలు నేక, ఇటూ వాలు నేక, పట్టుకుంతాది గానీ ఒదల్దు. ఇంజనుతో పాటు అదీ గింగిరాలు తిరుగుతాది."

అంత వివరంగా నాన్న నాతో మాట్లాడటం అదే మొదలు. అర్థం అయినంత అయింది. అత్తలకీ కోడళ్ళకీ సంబంధాలు ఎందుకు కుదరవో మాత్రం బాగా తెలిసింది.

షావుకారు గారి నల్ల కారుని స్టార్టు చెయ్యడం ఇద్దరి పని. స్టీరింగు మధ్యలో చిన్న లీవరు ఉండేది, నాన్న దాన్ని టైము లీవరు అనేవాడు. హేండిలు తిప్పేటప్పుడు అది పైకి ఉండాలి. ఇంజను అందుకున్నాక మెల్లిగా కిందికి దింపాలి. తిప్పేటప్పుడే కిందికి ఉందంటే ఇంజను ఎదురు తిరిగి హేండిలు వెనక్కి తంతుంది. అలా తన్నించుకుని చెయ్యి విరగ్గొట్టుకోని డ్రైవరు ఆ చుట్టుపక్కల తక్కువ. మా కారు లీవరుకి పట్టు వదులైపోయింది, ఎవరూ పట్టుకోకపోతే జారి కిందికి దిగిపోయేది. అందుకని పొద్దున్నే నాన్న నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టేవాడు. స్టీరింగు పైనుంచి నా తల కనబడేది కాదు. రెండు చేతులతో లీవరు పైకి పట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని. ముందునుంచి నాన్న "పట్టుకున్నావా?" అనేవాడు. నేను "పట్టుకున్నా" అనేదాన్ని. ఆ తరవాతే హేండిలు తిప్పేవాడు. మా ఇద్దరి మధ్యా రోజులో తప్పకుండా జరిగే మాటలు అవే. కొన్ని రోజులు అవి తప్ప ఇంకేం ఉండేవి కావు. నా చేతిమీద ఆయన చెయ్యి ఆధారపడి ఉందని నాకు తెలుసు, దానికి నేను ఎంత గర్వపడేదాన్నో చెప్పలేను.

సాయంత్రం కారు రాగానే షావుకారు గారు హేండిలు తీసి ఇంట్లోకి పట్టుకెళ్ళిపోయేవారు. హేండిలు ఇంట్లో ఉంటే కారుని ఎవరూ తియ్యలేరని ఆయన ధైర్యం. దసరా నవమి నాడు మాత్రం అది నేరుగా దేవుడి గదికి వెళ్ళేది. చింతపండు పెట్టి తోమి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కాటా రాళ్ళూ, చెరకు కత్తీ పక్కన పీటమీద పడుకోబెట్టేవారు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ విషయంలో షావుకారు గారి తల్లి, మేమందరం పెద్దమ్మగారు అనే ఆవిడ, మహా గట్టిది.

ఆ ఏడు నవమి నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పులిహోర, బూరెలు నాకూ ఒక ఆకులో వేసి పంపించారు. నేను బూరె లోపలి పూర్ణం తినేసి పైతొక్క ఆఖరికి దాచుకుంటున్నాను, అప్పుడే డాబాలో మాటలు పెద్దవయ్యాయి. పండగకి వచ్చిన అల్లుడు గారు ఆ సాయంత్రమే వెళ్ళిపోవాలట. అనకాపల్లిలో రైలు అందుకోకపోతే ఉద్యోగంలో మాట వస్తుందట. రేపటిదాకా కారు కదలదని ఎవరూ ఆయనకి చెప్పలేదు. కొత్త అల్లుడు, కాదనడానికి లేదు.

పెద్దమ్మగారు గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పింది. "కారు తియ్యండి. ఒద్దన్నానేటి? పీటమీది హేండిలు మాత్రం కదపడానికి ఈల్లేదు."

హేండిలు కదపకుండా కారు ఎలా కదులుతుందో ఆవిడకి పట్టలేదు. ఆవిడ దృష్టిలో కారు వాహనం, హేండిలు ఆయుధం, రెండూ వేరు.

"ఒరే, నీ షెడ్డులో గోడనిండా అయ్యే కదా. ఒకటి పెట్టి తిప్పు," అన్నారు షావుకారు గారు.

"అయ్యి అరిగిపోనవండి బాబూ. ఆటికీ పొద్దున్నే బొట్లెట్టీసేను," అన్నాడు నాన్న.

తోసి తీద్దామంటే వానకి పెరడంతా బురద, గోదాము కూలీలు పండగకి ఊళ్ళకి పోయారు. అప్పుడు అల్లుడు గారికే ఆలోచన వచ్చింది. షెడ్డులో మా కారు పక్కనే డాక్టరు గారి చిన్న కారు ఉంది. డాక్టరు గారు కిరస్తానీ, సెలవులకి తన వాళ్ళ ఊరు వెళ్తూ కారు మా షెడ్డులో పెట్టి వెళ్ళారు. దాని హేండిలు దాని సీటు కిందే ఉంది. ఆ రోజు మా ఊరు మొత్తానికి పసుపూ కుంకుమా అంటని హేండిలు అదొక్కటే అయి ఉంటుంది. పెద్దమ్మగారు కూడా దానికి ఒప్పుకుంది.

నాన్న దాన్ని తీసి కొస చూశాడు. "మేకుదండి బాబూ. మన బండికి పనికిరాదండి."

"లోపలికెల్తాదా, ఎల్లదా?" అన్నారు షావుకారు గారు.

"ఎల్తాదండి."

"మరింకేటిరా? బేగి కానీ."

నాన్న ఇంకోసారి అనలేదు. ఆయన ఎవరితోనూ ఏ మాటా రెండోసారి అనేవాడు కాదు. ఆ గుణం నాకు రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

నేను ఎప్పటిలాగే వెళ్ళి సీట్లో కూర్చున్నాను. రేడియేటరుకి వేసిన బంతిపూల దండ వాసన లోపలికి వస్తోంది. "పట్టుకున్నావా?" అన్నాడు నాన్న. "పట్టుకున్నా," అన్నాను. మొదటిసారి తిప్పితే లేవలేదు. మళ్ళీ తిప్పాడు. ఇంజను చక్కగా అందుకుంది. ఎప్పుడూ అంత తొందరగా అందుకునేది కాదు. కానీ హేండిలు వదల్లేదు. టకటకమని ఇనుము ఇనుముకి కొట్టుకునే చప్పుడు, ఆ వెంటనే స్టీరింగు సందులోంచి కనబడుతున్న నాన్న తల కనబడకుండా పోయింది. నేను లీవరు వదల్లేదు. వదలమని నాన్న చెప్పలేదు కనక అలాగే పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి నాన్నే వచ్చి ఎడమ చేత్తో ఇంజను ఆపాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉండవలసినట్టు లేదు.

అందరూ చుట్టూ మూగారు. నేను దిగి నాన్న దగ్గరికి వెళ్ళేలోపే పెద్దమ్మగారి మాట వినబడింది.

"పండగపూట ఆడగుంటని తీసుకెల్లి ఆ సీట్లో కూకోబెడితే ఇలా కాక మరెలాగవుతాది? లీవరు కదిపీసుంటాది."

"అవును, లీవరు జారితే తంతాది కదా," అన్నారు షావుకారు గారు. ఆయనకి ఆ ఒక్క ముక్కా తెలుసు.

"నేను కదపలేదు," అన్నాను. ఎవరూ నావైపు చూడలేదు. "నాన్నా, సెప్పు. నేను కదపలేదు."

నాన్న మణికట్టు పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

లీవరు తప్పయితే హేండిలు వెనక్కి తంతుంది. ఆ రోజు అది ముందుకే తిరిగింది, ఇంజను నడుస్తూనే ఉంది. ఆ పెరట్లో ఆ తేడా తెలిసినవాళ్ళు ఇద్దరమే. ఒకరి మాట ఎవరూ వినరు, రెండోవారు మాట్లాడరు. అల్లుడు గారు చివరికి బస్సుకే వెళ్ళారు, ఆ బస్సుకి మొదటే వెళ్ళి ఉండొచ్చు.

కట్టు కట్టే ముసలాయన వచ్చి, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఆ సొన ఎండిన నీచు వాసన షెడ్డులో చాలా రోజులు ఉండిపోయింది. అంబలి నేనే కాచేదాన్ని. నాన్నకి చొక్కా తొడిగేదాన్ని, ఎడమ చేత్తో తినడం రాక మీద పోసుకుంటే తుడిచేదాన్ని. ఎప్పుడూ లేనిది పగలంతా ఆయన నా ఎదురుగా ఉన్నాడు, అందుకు లోపల్లోపల సంతోషంగా కూడా ఉండేది. కానీ ప్రతి పూటా ఎదురుచూశాను. ఇవాళ డాబాలోకి వెళ్ళి చెబుతాడు, నా గుంట తప్పు కాదు, హేండిలు తప్పు అంటాడు. పోనీ నాతోనైనా అంటాడు. అనలేదు. చెబితే పెద్దమ్మగారిది తప్పు అన్నట్టు అవుతుంది. చెయ్యి విరిగిన డ్రైవరు, తిండి పెట్టేవాళ్ళని తప్పు పట్టలేడు. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసి ఉంటే మాత్రం ఏం, ఏడుపు అంతే వచ్చేది.

కట్టు విప్పకముందే షావుకారు గారు కబురు చెప్పారు. నాన్న పని నాన్నకే ఉంటుంది. గుంట మాత్రం కారు ఛాయలకి రాకూడదు, పెద్దమ్మగారు ఒప్పుకోవడం లేదు. మేం కాపురం ఉన్నదే కారు షెడ్డు. ఆ మాటకి అర్థం ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

కె.కోటపాడు దగ్గరి పల్లెనుంచి అమ్మమ్మ వచ్చింది. వచ్చి తడికకి ఆనుకుని కూర్చుని గోడవైపు చూసింది.

"ఆడగుంటని ఈ ఇనప ముక్కల మజ్జిన ఎన్నాల్లు పెంచుతావు బాబూ? నానొట్టుకెలిపోతాను."

"నేను ఎల్లను," అన్నాను.

నాన్న కట్టువైపు చూసుకుంటూ, "ఎల్లమ్మా," అన్నాడు.

బస్సు దగ్గరికి వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. బస్సుది పొడుగాటి హేండిలు, దాన్ని ఒకడు తిప్పలేక ఇద్దరు తాడు కట్టి లాగుతున్నారు. ఇంజను అందుకునేదాకా చాలాసేపు పట్టింది. అంతసేపూ నాన్న నోటివైపే చూశాను. బెల్లం గవ్వల పొట్లం నా ఒళ్ళో పెట్టి, "అమ్మమ్మ మాట ఇను," అన్నాడు. బస్సు కదిలింది. గవ్వలు నేను తినలేదు, అమ్మమ్మ ఊళ్ళో పిల్లలకి పంచింది.

మాటకి బస్సు అక్కర్లేదు, నాకంటే ముందే ఊరు చేరింది. అక్కడి పిల్లలు నన్ను "అయ్య సెయ్యిరగ్గొట్టిన గుంట" అనేవారు. పెద్దవాళ్ళు ఆ మాట అనేవారు కారు గానీ, వాళ్ళ గడ్డికోసే కత్తి నేను ముట్టుకోబోతే పక్కకి జరిపేవారు. అమ్మమ్మ ప్రేమగానే చూసింది. కొబ్బరినూనె రాసి బిగించి జడ వేసేది, రాత్రి కంచంలో మీగడ నాకే వేసేది. కానీ ఆవిడ కూడా ఒకసారి పక్కింటామెతో, "సిన్నగుంట, దానికేటి తెలుసు, సెయ్యి జారిపోనాది," అంది. నన్ను వెనకేసుకొచ్చాననుకుంది పాపం. నేను ఆ రోజు పెరట్లో పేడకుప్ప వెనక కూర్చుని ఎవరూ లేకుండా, "నేను కదపలేదు," అని గట్టిగా అనుకున్నాను. నేను అబద్ధం ఆడుతున్నానేమో అని నాకే అనుమానం వచ్చేది. నాన్న ఒక్క మాట అని ఉంటే ఆ అనుమానం ఉండేది కాదు.

చెరకు గానుగలు మొదలయ్యాయి. మా పల్లె గానుగ రోడ్డు పక్కనే. పొద్దున్నే మంచులో పిల్లలందరం అక్కడే ఉండేవాళ్ళం. పెనంలో పాకం ఉడుకుతుంటే ఆ వేడికి వీపు పెట్టి కూర్చునేవాళ్ళం. చెరకు ముక్క పాకంలో ముంచి చల్లార్చుకుని చీకేవాళ్ళం. పిప్పి పొగ కళ్ళలో పడేది. అందరి మధ్యా కూర్చున్నా నా పక్కన కొంచెం జాగా ఖాళీగా ఉండేది.

అలాంటి ఒక పొద్దున్న షావుకారు గారి నల్ల కారు వచ్చి గానుగ ముందు ఆగింది. రేడియేటరులోంచి ఆవిరి వస్తోంది. వెనక సీట్లో పెద్దమ్మగారు, ఆవిడ పక్కన షావుకారు గారు, ఏదో పెళ్ళికి వెళ్తున్నారు. నాన్న ఇంజను ఆపి దిగాడు. కట్టు లేదు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర పక్కకి తిరిగి అలాగే అతుక్కుపోయింది. గానుగవాళ్ళని నీళ్ళు అడిగి రేడియేటరులో పోశాడు. నన్ను చూశాడు. మళ్ళీ నీళ్ళు పోశాడు. నేను లేచి నిలబడ్డాను గానీ అడుగు ముందుకి పడలేదు.

నాన్న ముందర హేండిలు పెట్టి, తిరిగి వచ్చి కారు లోపలికి వంగాడు. టైము లీవరు జారకుండా ఒక అరటినార కట్టి ఉంది. నేను లేకపోయాక రోజూ అలాగే కట్టుకుని ఒక్కడే తిప్పుకుంటున్నాడన్నమాట. ఆ నార పట్టుకుని చూసి, విప్పేశాడు. విప్పి రోడ్డుమీద పారేశాడు.

"ఇలా రామ్మా. కూకో," అన్నాడు.

గానుగ దగ్గరి జనమంతా ఇటు తిరిగారు. పెద్దమ్మగారు కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఒరే, మల్లీ ఆ గుంటనేనేటి? ఉన్న సెయ్యి కూడా పోగొట్టుకుంతావా?"

నాన్న ఆవిడవైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. "ఆనాడు బండి ఎనక్కి తన్ననేదండి అమ్మగోరూ. ముందుకే తిరిగింది. గుంట లీవరు సరిగ్గానే పట్టుకుంది. ఆ హేండిలు మన బండిది కాదండి, అందుకని ఒదల్నేదు. తప్పు నాదండి, నేను ఎయ్యకుండా ఉండాల్సింది."

తప్పు తన మీద వేసుకోకుండా ఆ నిజం చెప్పడం ఆయనకి చేతకాలేదు. పెద్దమ్మగారు తల లోపలికి తీసుకుంది. ఊరంతా విన్నది. మా అమ్మమ్మ చెరకు మోపు పక్కన నిలబడి విన్నది. నా పక్కన జాగా వదిలి కూర్చునే పిల్లలందరూ విన్నారు.

నేను వెళ్ళి సీట్లో కూర్చున్నాను. నా వెనకే పెద్దమ్మగారి పట్టుచీర కర్పూరం వాసన. ఈసారి స్టీరింగు పైనుంచి నాకు నాన్న కనబడ్డాడు, నేను కాస్త ఎదిగాను. ఎడమచెయ్యి హేండిలుమీద వేసి, డ్రైవర్లందరూ పట్టుకునేట్టే బొటనవేలు మిగతా వేళ్ళతో కలిపి పైకే ఉంచి, "పట్టుకున్నావా?" అన్నాడు.

"పట్టుకున్నా," అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

ఎడమచెయ్యికి బలం చాలక రెండు మూడు సార్లు తిప్పాడు. తరవాత ఇంజను అందుకుంది, పళ్ళు వాలుమీద జారి హేండిలు బయటికి వచ్చేసింది. లీవరు మెల్లిగా దింపాను. నాన్న హేండిలు తీసుకుని నావైపు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను పక్క సీట్లోకి జరిగాను. జరగమని ఎవరూ చెప్పలేదు.

వెనకనుంచి షావుకారు గారు అన్నారు, "నీ గుంటే కదరా, కావలిస్తే తీసుకొచ్చీ. అమ్మ ఏమీ అనదులే."

ఆ మాట నా చెవులారా విన్నాను. షెడ్డు, తడిక, గోడమీద హేండిళ్ళు, పొద్దున్నే అంబలి, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకి వచ్చేశాయి.

నాన్న నావైపు చూశాడు. అమ్మమ్మవైపు చూశాడు. నా జడవైపు, మరకల్లేని గౌనువైపు చూశాడు.

"వద్దండి బాబూ. ఇక్కడే ఉండనీండి. బాగుంది," అన్నాడు. తరవాత నాతో, "దిగమ్మా, ఆలీసం అయిపోతంది," అన్నాడు.

నాకు నోరు ఎక్కువని తరవాత అందరూ అన్నారు, అత్తవారింట్లో అన్నారు, ఉద్యోగంలో అన్నారు. ఆ రోజు ఆ నోరు రాలేదు. నేను బాగులేను, వస్తాను అనలేదు. దిగాను. ఆయన ఎక్కి తలుపు వేసుకున్నాడు. కారు మలుపు తిరిగేదాకా ఆయన తల వెనక్కి తిరగలేదు, ఎడమ చేత్తో నడుపుతున్నాడు, తిరగడానికి వీలు ఉండదు అనుకున్నాను. గానుగ దగ్గరి పిల్లలు వచ్చి నా పక్కన ఖాళీ లేకుండా కూర్చున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని నేను ఏడ్చాను, సంతోషం పట్టలేక ఏడుస్తోందని అమ్మమ్మ అందరికీ చెప్పింది.

తరవాత నాన్న చాలా ఏళ్ళు బతికాడు. సెల్ఫు స్టార్టరు కార్లు వచ్చాయి, షావుకారు గారు కొత్తది కొన్నారు, హేండిలు పని లేకుండా పోయింది. ఆయన ఆ షెడ్డులోనే ఉన్నాడు. సెలవులకి చుట్టంలా వెళ్ళి చుట్టంలా వచ్చేదాన్ని. పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు నన్ను ఎందుకు తీసుకెళ్ళలేదని. "నీకు బాగుంటాదని," అన్నాడు. మరి నీకో అని అడిగాను. వినబడనట్టు లేచి వెళ్ళి కారు తుడుచుకున్నాడు.

ఆయన అన్నట్టే నాకు బాగుంది. చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఎవరి షెడ్డులోనూ బతకలేదు. ఊరందరి ముందూ నా మీద మాట తీసేశాడు, మిగిలిన ఒక్క చెయ్యీ నన్ను నమ్మి హేండిలు మీద పెట్టాడు. అదే పొద్దున్న, అదే చోట, నన్ను దింపేసి వెళ్ళిపోయాడు. మనసు బాగున్న రోజు మొదటిది తలుచుకుంటాను. మొన్న హోటల్లో అందరూ పాపకి పాట పాడుతుంటే చప్పట్లు కొడుతూ కూర్చున్నాను, నాకు గుర్తొచ్చింది రెండోదే.